మీటర్ బోర్డులో పానా గుర్తు: అరకు బయలుదేరే ముందు చూసుకోవలసినవి

విశాఖపట్నం మధురవాడ నుంచి ఒక టీచరు గారు అడిగిన ప్రశ్న ఇది: "సెకండ్ హ్యాండ్‌లో కొన్న పెట్రోలు కారు. మీటర్ బోర్డులో పసుపు రంగు పానా గుర్తు వెలుగుతోంది. కారు నడకలో తేడా ఏమీ లేదు. నెల క్రితమే ఇంటి దగ్గరి షెడ్డులో ఇంజిన్ ఆయిల్ మార్పించాం. ఇప్పుడు వేరే మెకానిక్‌కు చూపిస్తే సెన్సర్ పోయిందంటున్నాడు, మార్చడానికి ఆరు వేలు అవుతుందంటున్నాడు. మా మరిది మాత్రం ఏదో బటన్ నొక్కిపెడితే అదే పోతుందంటున్నాడు. ఈ ఆదివారం పిల్లలను తీసుకుని అరకు వెళ్దామనుకున్నాం. వెళ్లవచ్చా?"

వెళ్లవచ్చమ్మా. అయితే శనివారం సాయంత్రంలోగా ఒక అరగంట కారు దగ్గర గడపండి. సెన్సర్‌కు మాత్రం ఇప్పుడే డబ్బు ఇవ్వకండి. గాజువాక ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి ఈ పనిలోనే ఉన్నాను. పానా గుర్తు చూపించి అవసరం లేని సామాను అంటగట్టడం చాలాసార్లు చూశాను. కారు గురించి తెలియనివారి భయాన్ని సొమ్ము చేసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

చాలా కార్లలో పానా గుర్తు ఒక లెక్క మాత్రమే. గత సర్వీసు తర్వాత కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని రోజులు గడిచాయి అన్నది మీటర్‌లోని చిన్న కంప్యూటర్ లెక్కపెడుతూ ఉంటుంది. కంపెనీ పెట్టిన హద్దు రాగానే గుర్తు వెలిగిస్తుంది. అంతకు మించి దానికి తెలిసిందేమీ లేదు. చాంబరులో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టెలో, ఆయిల్ ఎంత ఉందో అది చూడదు. ఆయిల్ చిక్కబడిందో, నీళ్లు కలిసిందో చూడదు. గోడ క్యాలెండరులో మనం సున్నా చుట్టి పెట్టుకున్న తేదీ లాంటిది అది. తేదీ వచ్చిందని గుర్తు చేస్తుంది, పని జరిగిందో లేదో దానికి పట్టదు.

కాబట్టి మీ కారులో ఎక్కువగా జరిగి ఉండేది ఇది: షెడ్డులో ఆయిల్ మార్చారు, మీటర్‌లోని లెక్కను మాత్రం సున్నా చేయలేదు. కంపెనీ సర్వీసు సెంటర్లలో పని చివర ఆ లెక్క సరిచేయడం అలవాటుగా జరిగిపోతుంది. బయటి షెడ్లలో పనితనం ఎంత బాగున్నా, ఈ ఒక్కటి చాలామంది మరిచిపోతారు. పాత లెక్క అలాగే సాగి, హద్దు చేరి, గుర్తు వెలిగింది. మీ మరిది చెప్పిన మాట చాలావరకు నిజమే.

కానీ దీనికి వెనకవైపు కూడా చూడాలి, నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది అదే. బటన్ నొక్కితే గుర్తు పోతుంది కదా అని, ఆయిల్ మార్చకుండానే లెక్క సున్నా చేసేవారు ఉన్నారు. అప్పుడు మీటర్ శుభ్రంగా కనబడుతుంది, చాంబరులో మాత్రం పాత ఆయిలే ఉంటుంది. కొత్త ఆయిల్‌తో గుర్తు వెలిగితే పోయేది మనశ్శాంతి ఒక్కటే. పాత ఆయిల్‌తో గుర్తు ఆరిపోయి ఉంటే పోయేది ఇంజిన్. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు పానా గుర్తు వెలగడం లేదు కాబట్టి సర్వీసు సరిగా జరిగిందని ఎవరూ అనుకోకూడదు. అమ్మేవారు బేరానికి ముందు చేసే మొదటి పనుల్లో దాన్ని ఆర్పేయడం ఒకటి. కారు రిజిస్ట్రేషన్ నంబరు పట్టుకుని ఆ కంపెనీ సర్వీసు సెంటర్‌కు వెళ్తే, అక్కడ జరిగిన సర్వీసుల వివరాలు సాధారణంగా చెబుతారు. మీ కారుకు ఆ పని ఇంకా చేయించకపోతే ఒకసారి చేయించండి.

ఇక మీరు కారు మోడల్ చెప్పలేదు కాబట్టి ఒక హెచ్చరిక తప్పనిసరి. పానా బొమ్మ అన్ని కార్లలో ఒకే అర్థం ఇవ్వదు. ఫోర్డ్ కార్లలో పసుపు పానా వెలిగితే అది సర్వీసు గడువు కాదు. ఇంజిన్‌లోనో, గేర్‌బాక్సులోనో, యాక్సిలరేటర్‌కు సంబంధించిన ఎలక్ట్రానిక్ భాగాల్లోనో లోపం ఉందని అర్థం. అప్పుడు కారు తనంతట తానే బలం తగ్గించుకుని నడుస్తుంది. ఫిగో, ఎకోస్పోర్ట్ ఇప్పటికీ మన రోడ్ల మీద చాలా తిరుగుతున్నాయి, సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా చేతులు మారుతున్నాయి. మీది ఫోర్డ్ అయితే ఘాట్ ఎక్కే ఆలోచన పక్కన పెట్టి ముందు లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించండి. కంపెనీ ఏదైనా సరే, గ్లవ్ బాక్సులో ఉండే మాన్యువల్‌లో గుర్తుల పట్టిక ఉంటుంది, అందులో మీ బొమ్మ పక్కన ఏముందో చదవండి. పుస్తకం పోయి ఉంటే చాలా కంపెనీల వెబ్‌సైట్లలో దొరుకుతుంది. పిల్లలకు పాఠం చెప్పేవారు, రెండు పేజీలు చదవడం మీకు కష్టం కాదు.

యూట్యూబ్ వీడియోలు చూసి కూడా చాలామంది తికమకపడుతున్నారు. వాటిలో చాలావరకు అమెరికా కార్లవి. అక్కడి టొయోటా కార్లలో సర్వీసు అవసరమని తెలిపే ఇంగ్లీషు అక్షరాలు 4,500 మైళ్ల దగ్గర మిణుకుమనడం మొదలుపెట్టి 5,000 మైళ్ల దగ్గర, అంటే సుమారు 8,000 కిలోమీటర్ల దగ్గర, నిలకడగా వెలుగుతాయి. అక్కడి హోండా కార్లలో పానాతో పాటు ఏ, బీ అనే అక్షరాలు, పక్కన అంకెలు వస్తాయి. ఏ అంటే ఆయిల్ మార్పు. బీ అంటే ఆయిల్‌తో పాటు బ్రేకులు, ఇతర భాగాల తనిఖీ. అంకెల్లో ఒకటి టైర్లను ముందూ వెనకా మార్చమని, రెండు ఎయిర్ ఫిల్టర్లు మార్చమని చెబుతుంది. ఆ కార్ల లెక్కలు మన కార్లకు అతకవు. మన దగ్గర చాలా కంపెనీలు పెట్టిన హద్దు 10,000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, రెండింటిలో ఏది ముందు వస్తే అది. హ్యుందాయ్ కార్లలో అయితే గడువుకు 1,500 కిలోమీటర్లో, 30 రోజులో మిగిలి ఉండగానే, ఇంజిన్ ఆన్ చేసిన ప్రతిసారీ సర్వీసు దగ్గరపడిందని కొన్ని క్షణాలు మాటల్లో కనబడుతుంది. గడువు దాటాక సర్వీసు చేయించాలన్న మాట వస్తుంది. బ్యాటరీ తీసి పెట్టినా, ఫ్యూజు పీకినా ఆ లెక్క తప్పుగా చూపవచ్చని ఆ కంపెనీ మాన్యువలే చెబుతోంది. ఈ మధ్య మీరు బ్యాటరీ మార్పించి ఉంటే ఆ సంగతి గుర్తుంచుకోండి.

కొన్ని కార్లలో ఈ లెక్క మరికొంత తెలివిగా ఉంటుంది. జనరల్ మోటార్స్ 1980ల చివర్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది అన్నవి లెక్కగట్టి, ఆయిల్ ఆయుష్షు ఇంత శాతం మిగిలిందని చూపిస్తుంది. బాగానే ఉంటుంది కానీ ఇందులో కూడా ఆయిల్‌ను పరీక్షించడం ఉండదు. సరైన గ్రేడు ఆయిల్ సరైన మట్టంలో పోశారని నమ్మి వేసిన అంచనా అది. ఖరీదైన జర్మన్ కార్లలో బ్రేక్ ప్యాడ్ అరుగుదలకు సెన్సర్లు, ఆయిల్ మట్టానికి సెన్సర్లు ఉంటాయి. వాటి సంగతి వేరు.

సెన్సర్ అనగానే మీ మెకానిక్ మాట గుర్తుకొచ్చింది. గడువు లెక్క మీటర్‌లో ఉండేది. అది వెలిగినంత మాత్రాన ఇంజిన్ కంప్యూటర్‌లో లోపం కోడు ఏదీ నమోదు కాదు. ఇంజిన్‌ను నడిపించే ముఖ్యమైన సెన్సర్ ఏదైనా పోతే సాధారణంగా వెలిగేది పానా కాదు, ఇంజిన్ ఆకారంలో ఉండే పసుపు గుర్తు. దాన్నే చెక్ ఇంజిన్ లైటు అంటారు. అది వెలిగినప్పుడు స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే, పీ అక్షరంతో మొదలయ్యే కోడు వస్తుంది. పీ0300 అంటే ఇంజిన్‌లో మిస్‌ఫైర్ (పెట్రోలు సరిగా మండకపోవడం), పీ0171 అంటే పెట్రోలు తక్కువై గాలి ఎక్కువవడం, పీ0420 అంటే పొగ గొట్టంలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయకపోవడం. కోడు లేకుండా, స్కానర్ పెట్టకుండా, బానెట్ కూడా ఎత్తకుండా సెన్సర్ పోయిందని చెబితే అది ఊహ మాత్రమే. ఊహకు ఆరు వేలు చాలా ఎక్కువ.

మరి చెక్ ఇంజిన్ లైటు కూడా వెలిగి ఉండి, దాన్ని మీరు పానాతో కలిపి చూసి ఉంటే? అది నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా నడుపుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్లవచ్చు. మిణుకుమిణుకుమంటూ ఉంటే మాత్రం మిస్‌ఫైర్ తీవ్రంగా ఉందని అర్థం, కాలకుండా పోయిన పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది. ఆ స్థితిలో కారు తిప్పకూడదు.

గుర్తుల రంగులు ఇంట్లో కారు ఎక్కే ప్రతి ఒక్కరికీ తెలియాలి. పసుపు అంటే త్వరలో చూపించుకోమని. ఆకుపచ్చ, నీలం అంటే ఫలానాది పనిచేస్తోందని సమాచారం. ఎరుపు అంటే ఆగమని. ఎరుపులో అన్నింటికన్నా ముఖ్యమైనది నూనె డబ్బా ఆకారంలో, ముక్కు దగ్గర చుక్కతో ఉండే గుర్తు. దాన్ని పానాతో కలిపి "ఆయిల్ లైటు" అని ఒకే పేరుతో పిలవడం వల్ల ఎంతో నష్టం జరుగుతోంది. ఎర్ర డబ్బా వెలిగిందంటే ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోయింది. బేరింగుల మధ్య ఆయిల్ పొర లేకుండా ఇనుము ఇనుమును రాసుకుంటోంది. ఇంటికి ఇంకో కిలోమీటరే కదా అనుకోవడానికి వీల్లేదు. రోడ్డు పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపేయాలి. అలా ఆపకుండా నడిపిన కార్లు టోయింగ్ బండి మీద ఆటోనగర్‌కు వచ్చినప్పుడు, ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు క్రాంక్ షాఫ్ట్ విప్పి చూపించాక యజమానుల ముఖాలు చూడలేం. ఎర్ర థర్మామీటర్ గుర్తు కూడా అంతే, ఇంజిన్ వేడెక్కిపోయిందని. అప్పుడు పక్కకు ఆపి, రేడియేటర్ మూత మాత్రం వేడిగా ఉండగా తెరవకండి, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ మరుగుతూ ముఖం మీదికి చిమ్ముతుంది.

రేపు ఉదయం ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ వరకు తిప్పండి. బటన్ స్టార్ట్ కారు అయితే బ్రేక్ తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కండి. చెక్ ఇంజిన్, ఎర్ర ఆయిల్ డబ్బా, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ గుర్తులు వెలగాలి. వీటిలో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కొన్ని క్షణాల్లో ఆరిపోతాయి. ఆయిల్ డబ్బా, బ్యాటరీ ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోతాయి. ఎర్ర డబ్బా అసలు వెలగకపోతే అది శుభవార్త కాదు. దాని స్విచ్చు వైరు తెగిపోయి ఉండవచ్చు, లేదా పాత యజమాని దాన్ని పనిచేయకుండా చేసి ఉండవచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కాబట్టి ఇది తప్పక చూడండి.

తర్వాత డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ. ఇది చూడటానికి మెకానిక్ అక్కర్లేదు. కారు చదునైన చోట ఉండాలి. మధురవాడ, ఎండాడ వైపు చాలా ఇళ్ల ముందు రోడ్డే వాలుగా ఉంటుంది, అక్కడ చూస్తే లెక్క తప్పుతుంది. ఇంజిన్ ఒకసారి వేడెక్కాక ఆపి, ఐదు పది నిమిషాలు ఆగండి. ఆయిల్ కిందికి దిగుతుంది. బానెట్ ఎత్తి, పసుపు లేదా నారింజ రంగు పిడి ఉన్న డిప్‌స్టిక్ బయటికి లాగండి. నూలు పీచు రాలని గుడ్డతో తుడిచి, మళ్లీ చివరిదాకా దింపి, తీసి చూడండి. చివర్లో రెండు గుర్తులు ఉంటాయి. ఆయిల్ ఆ రెండింటి మధ్య ఉండాలి, పై గుర్తుకు దగ్గరగా ఉంటే మరీ మంచిది. చాలా కార్లలో ఆ రెండు గుర్తుల మధ్య తేడా సుమారు ఒక లీటరు. కింది గుర్తు కంటే తక్కువ ఉంటే, నెల క్రితం పోసిన ఆయిల్ ఎక్కడో కారుతోంది, లేదా ఇంజిన్ తాగుతోంది, లేదా వాళ్లు తక్కువ పోశారు. పై గుర్తు దాటినా మంచిది కాదు. క్రాంక్ షాఫ్ట్ ఆ ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది, నురగ బేరింగులను కాపాడలేదు.

రంగు గురించి ఒక మాట. ఆయిల్ నల్లగా ఉందని కంగారుపడకండి. మసిని తనలో కలుపుకోవడం దాని పనే. డీజిల్ కార్లలో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో, మీగడలా కనబడితే మాత్రం ఆయిల్‌లో కూలెంట్ కలిసిందన్న అనుమానం బలంగా ఉండాలి. ఆ కారును అరకు కాదు కదా, అగనంపూడి దాకా కూడా తీసుకువెళ్లవద్దు. ఆయిల్ పోసే చోటి మూత లోపల మాత్రమే పలుచగా తెల్లటి తేమ కనబడి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే అది చిన్న చిన్న ప్రయాణాల వల్ల చేరే తేమ కావచ్చు. బడికి వెళ్లి, కూరగాయలు తెచ్చుకుని, నాలుగు కిలోమీటర్లలో ఆపేసే కారులో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన నీటి ఆవిరి, కాలని పెట్రోలు ఎగిరిపోవడానికి సమయం దొరకదు. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చినా ఆయిల్ ఇంకా వేడెక్కి ఉండదు, కూలెంట్ కంటే అది ఆలస్యంగా వేడెక్కుతుంది. తక్కువ తిరిగే కారుకు ఆయిల్ ఎక్కువ కాలం వస్తుందనుకోవడం అందుకే పొరపాటు. కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికి మార్చాలని కంపెనీలు ఊరికే చెప్పలేదు.

ఇక్కడే విశాఖ సంగతి కూడా చెప్పాలి. మాన్యువల్‌లో సర్వీసు పట్టికలు మామూలుగా రెండు ఉంటాయి. రెండోది కఠినమైన వాడకానికి. దుమ్ము, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగడం, చిన్న ప్రయాణాలు, కొండ దారులు, ఉప్పు తగిలే ప్రదేశాలు అందులో ఉంటాయి. ఇవన్నీ ఒకే ఊళ్లో కావాలంటే మన ఊరే. పోర్టు చుట్టుపక్కల బొగ్గు, ఇనుప ఖనిజం ధూళి సంగతి పాతనగరం వాళ్లకు చెప్పనక్కర్లేదు, బాల్కనీలు తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది. అదే గాలి మన కార్ల ఎయిర్ ఫిల్టర్ గుండా వెళ్తుంది. ఎన్ఏడీ, మద్దిలపాలెం, గాజువాక జంక్షన్లలో సిగ్నల్ దగ్గర నిలబడ్డంత సేపూ ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, కిలోమీటర్లు మాత్రం పెరగవు. కిలోమీటర్లు, రోజులు మాత్రమే లెక్కించే పానా గుర్తుకు ఆ గంటలు కనబడవు. బీచ్ రోడ్డులో, రుషికొండలో ఇంటి బయట నిలిపే కార్లలో ఉప్పు గాలికి బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ వైర్ల చివరలు, కనెక్టర్ల పిన్నులు చిలుం పడతాయి. దాని వల్ల సంబంధం లేని గుర్తులు వచ్చి పోతుంటాయి. సెన్సర్ మార్చేముందు ఆ కనెక్టర్ విప్పి శుభ్రం చేసి చూడటం మంచి మెకానిక్ లక్షణం. నా మాట వింటే, ఈ ఊళ్లో ఎక్కువగా సిటీలోనే తిరిగే కారుకు పానా వెలిగేదాకా ఎదురుచూడకండి. కఠిన వాడకం పట్టికలో మీ మోడల్‌కు ఎంత రాసి ఉందో చూసి దాన్నే పాటించండి. కొన్ని మోడళ్లకు అది మామూలు గడువులో సగమే ఉంటుంది.

ఆయిల్ గ్రేడు గురించి కూడా ఆ షెడ్డును అడగండి. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే పోయాలి, 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే. డబ్బాలో మిగిలిందని ఏదో ఒకటి పోయించుకోవద్దు. డబ్బా మీ ఎదుటే సీలు తీయాలి, ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చాలి, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషరు వేయాలి. తీసిన పాత ఆయిల్ ఎక్కడికి వెళ్తుందో కూడా అడగండి. దాన్ని కాలువలో పారబోసే షెడ్డుకు మళ్లీ వెళ్లకండి. మన గెడ్డలన్నీ చివరికి సముద్రంలోనే కలుస్తాయి.

ఇప్పుడు అరకు. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది, వంకర మీద వంకర. ఆయిల్ మట్టం తక్కువగా ఉన్న కారులో లోపం సరిగ్గా అక్కడే బయటపడుతుంది. వంపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, పంపు గాలిని పీలుస్తుంది. మలుపు తిరుగుతున్నప్పుడు ఎర్ర డబ్బా ఒక్క క్షణం మెరిసి మాయమైతే దాని అర్థం అదే. తేలిగ్గా తీసుకోకండి, ఆపి, చదును చూసుకుని డిప్‌స్టిక్ తీయండి. అదే గ్రేడు ఆయిల్ ఒక లీటరు డిక్కీలో ఉంచుకుంటే ఆ రోజు గడుస్తుంది.

అయితే పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి నేను ఆయిల్ కంటే బ్రేకుల గురించే ఎక్కువ ఆలోచిస్తాను. చాలా కార్లలో పానా గుర్తుకు తెలియని విషయం బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కన ఉన్న ఊళ్లో గాలిలో తేమకు కొరత లేదు. తేమ చేరిన కొద్దీ అది మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140 డిగ్రీలే. డాట్ 4 అయితే 230 నుంచి 155కు తగ్గుతుంది. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు తొక్కిపట్టి వస్తే చక్రాల దగ్గర వేడి విపరీతంగా పెరుగుతుంది. బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు పడితే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు. కారు కొన్నాక మీరు మార్పించకపోతే, పాత యజమాని మార్చాడో లేదో తెలియకపోతే, శనివారమే మార్పించండి. పెద్ద ఖర్చు కాదు, ఆ ఆరు వేలలో చిన్న భాగం. దిగేటప్పుడు రెండో గేరులో, వాలు ఎక్కువగా ఉన్నచోట మొదటి గేరులో, ఇంజిన్‌నే బ్రేకుగా వాడండి. న్యూట్రల్‌లో దిగడం, ఇంజిన్ ఆపి దిగడం ఎవరు చెప్పినా చేయకండి. స్టెప్నీతో కలిపి అయిదు టైర్లలో గాలి, రేడియేటర్ ట్యాంకులో కూలెంట్ మట్టం చూసుకోండి. కూలెంట్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలి.

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలాక పానా గుర్తును ఆర్పేయవచ్చు. ముందు కాదు. పద్ధతి కారును బట్టి మారుతుంది. పాత మోడళ్లలో ఎక్కువగా ట్రిప్ బటన్‌తో జరుగుతుంది: ఇంజిన్ ఆపి, మీటర్ మీది ట్రిప్ బటన్ నొక్కిపట్టి, అలా పట్టుకునే తాళం ఆన్ చేయాలి. అంకెలు మెరిసి సున్నాలు లేదా అడ్డగీతలు వచ్చేదాకా వదలకూడదు. స్టార్ట్ చేయకూడదు. కొత్త మోడళ్లలో స్టీరింగ్ మీది బటన్లతో మెనూలోకి వెళ్లి, సర్వీసు విరామం అన్న చోట ఓకే బటన్ కొంచెంసేపు నొక్కిపెడితే సరిపోతుంది. కొన్నింటికి మాత్రం సర్వీసు సెంటర్ స్కానరే కావాలి. ఫోనుకు కలిపే చవక స్కానర్లు లోపాల కోడ్లు చదువుతాయి కానీ ఈ లెక్కను సాధారణంగా సరిచేయలేవు. లెక్క సున్నా చేసినప్పుడు ఒక జాగ్రత్త: మీరు ఆయిల్ మార్పించింది నెల క్రితం. మీటర్ ఈ రోజు నుంచి కొత్త గడువు లెక్కపెడుతుంది. ఈ నెల రోజుల తేడా మీటర్‌కు తెలియదు కాబట్టి, ఆయిల్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, ఆయిల్ గ్రేడు ఒక చీటీ మీద రాసి గ్లవ్ బాక్సులో పెట్టండి. బిల్లు కూడా దానికే పిన్ను చేయండి. కారుకు వారంటీ ఇంకా మిగిలి ఉంటే ఆ బిల్లులే మీకు ఆధారం.

గుర్తు ఆరిపోయి, మళ్లీ వందా రెండొందల కిలోమీటర్లలోనే తిరిగి వెలిగితే అప్పుడు లెక్క పొరపాటు కాదు, వేరే కారణం ఉంది. అప్పుడు స్కానర్ పెట్టించండి. ఆ మెకానిక్ మళ్లీ సెన్సర్ అంటే, ఏ సెన్సరో పేరు చెప్పమనండి, స్కానర్ తెరమీది కోడు ఫోనులో ఫొటో తీసుకోండి, మార్చాక పాత సెన్సర్ మీ చేతికి ఇవ్వమనండి. సరైన పనివాడు ఈ మూడింటికీ వెనకాడడు.